మా అమ్మ ఏ పనీ చెయ్యలేదు

ఇట్రావే జాస్మిన్. ఆ ఫోను పక్కనపెట్టి నా మంచం దగ్గరికి రా. మిరపతోటల వెంకటేశ్వరమ్మగారు పంపించిన ఎండుమిరపకాయలకి తొడిమలు తియ్యాలి. చేతులకి పనుంది గానీ నోటికి పనిలేదు కదా, చెబుతాను. నువ్వు తియ్యొద్దులే, అలవాటులేని చేతులు, సాయంత్రానికి భగ్గుమంటాయి. నువ్వు విను చాలు. ఒంగోలు హాస్టల్లో నువ్వు పరీక్షలు రాసుకుంటున్నప్పుడు ఇక్కడేం జరిగిందో మీ తాతయ్య ఒక రకంగా చెప్పుంటారు, పాస్టరుగారు ఒక రకంగా, మీ మేనత్త లిడియా అమెరికా నుంచి ఇంకో రకంగా. నన్నూ చెప్పమన్నారు. కాకపోతే నేనేం చెప్పాలో కూడా వాళ్ళే చెప్పారు.

మీ అత్త అక్కడ ఎలక్షన్లో నిలబడిందని నీకు తెలుసు. నర్సుగా పోయిన పిల్ల, ఆ దేశం మనిషే అయిపోయి, ఆస్పత్రిలో పెద్ద ఉద్యోగానికెక్కి, చివరికి మన పార్లమెంటు లాంటిదేదో ఉందంట, దానికి పోటీ చేస్తానంది. అక్కడ పార్టీ టిక్కెట్టు మనలాగా పెద్దాయన ఇంటిముందు పడిగాపులు కాస్తే ఇవ్వరంట. ఒకే పార్టీ వాళ్ళు ఇద్దరు ముందు వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకోవాలి, జనం ఓట్లేసి ఒకళ్ళని తేలుస్తారు, ఆ గెలిచినవాళ్ళకే టిక్కెట్టు. అసలు ఎలక్షను ఆ తర్వాత. మీ అత్తకి పోటీగా ఒక తెల్లాయన నిలబడ్డాడు. ఇద్దరికీ తగువు దేనిమీదంటే, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళని రానియ్యాలా వద్దా, వచ్చినవాళ్ళని ఉంచాలా పంపెయ్యాలా అని. నాకది అర్థంకాకపోవడానికేముంది? మిరప కోతలప్పుడు కర్నూలు వైపు నుంచి సంసారాలు సంసారాలే దిగుతాయి కదా మనూళ్ళో. మార్టూరు రాళ్ళ పాలిష్ మిషన్ల దగ్గర ఒరిస్సా వాళ్ళు లేరూ? కాయ కోయించుకునేటప్పుడు వాళ్ళు కావాలి. అదే మనిషి బోరింగు దగ్గర బిందె పెడితే "ఎక్కణ్ణించి దిగారో" అంటాం. అక్కడా అంతే, కాకపోతే కోటు వేసుకుని అంటారు.

మీ అత్త మొదటి పురిటికి నేను పోయాను. రెండోదానికీ పోయాను, రెండోసారి మీ తాతయ్య కూడా వచ్చారు. పోయే ముందు మీ అత్త ఫోనులో నాకు చిలక్కి నేర్పినట్టు నేర్పింది. "అమ్మా, విమానం దిగాక అక్కడ కూర్చున్నాయన ఎందుకొచ్చావని అడుగుతాడు. విజిట్, డాటర్, అను. వండిపెడతానని అనకు. బిడ్డని చూసుకుంటానని అసలు అనకు." చూడ్డానికి పోయేవాళ్ళు అక్కడ పని చెయ్యకూడదంట. సరే అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు తట్టనే లేదు జాస్మిన్. కూతురి పురిటికి పోయే ఏ తల్లి పనికి పోతున్నానంటుంది?

పోయిన రోజు నుంచీ చేతికి తెరిపిలేదు. పురుడొచ్చిన కొన్ని వారాలకే అది మళ్ళీ డ్యూటీలో చేరి, నైట్ చేసి వచ్చి పడుకునేది, మీ మామయ్య ప్రసన్నకుమార్ కంప్యూటరు ముందు కూర్చుంటే లేచేవాడు కాదు. "అత్తయ్యగారూ, కాస్త కాఫీ" అనేవాడు, తలుపు తియ్యకుండానే. బాలింతకి పథ్యం ఒక పొయ్యిమీద, అల్లుడికి కూరలు ఒక పొయ్యిమీద. చంకలో పిల్ల. గిన్నెలు కడిగే మిషను ఉందన్నారు గానీ అందులో పెట్టే ముందు మళ్ళీ మనమే కడగాలంట, అదేం మిషనో. నేనేం బాధపడలేదమ్మా. ఎవరికి చేస్తున్నాను? నా బిడ్డకి. లిడియా పుట్టినప్పుడు నేను పగలంతా యార్డులో మిరపకాయల తొడిమలు తీసి ఇంటికొచ్చేదాన్ని. మజ్జిగతో కడిగినా చేతుల మంట పోయేది కాదు. పిల్ల పాలకి ఏడుస్తుంటే, ఈ చేతులు దాని కంట్లో తగుల్తాయని భయపడి, మోచేతులతో ఎత్తుకునేదాన్ని. మా అత్తగారు చూసి, "ఏం చేసొచ్చావని బిడ్డని ముట్టుకోకుండా వయ్యారాలు పోతున్నావ్" అనేది. మీ తాతయ్య పాఠాలు చెప్పే బడి హెడ్మాస్టరు ఇంటికొచ్చి "మేడమ్‌గారు ఏం చేస్తారండీ" అంటే, మీ తాతయ్య నవ్వి "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అనేవారు. నేను లోపల ఆయనకే టీ కాస్తున్నా. అందుకని అమెరికాలో, చల్లటి చేతులతో, నా కూతురి బిడ్డని కడుపారా ముట్టుకోవచ్చు కదా అని ఎంత సంబరపడ్డానో నీకు చెప్పలేను.

ఒకరోజు, రెండోపిల్లప్పుడు, దానికి తలంటి, పీట ఉండదు కదా అక్కడ, స్నానం తొట్టి అంచున కూర్చుని కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోశాను. పొయ్యకముందే సాంబ్రాణి వేసి ఉంచాను. నేను పెట్టెలో పెట్టుకుపోయిన సాంబ్రాణే. ఇంట్లో పైకప్పుకి ఏదో బిళ్ళ ఉంది, దానికి పొగ తగిలి కుయ్యోమని అరుపు. నాకు ఏం చెయ్యాలో తెలీదు, చేతుల్లో తడి పిల్ల. కాసేపటికి ఫైరింజను! టోపీలు పెట్టుకుని ఎత్తుగా ఉన్న మనుషులు గొడ్డళ్ళు పట్టుకుని లోపలికొచ్చి, నన్ను చూసి, పిల్లని చూసి, సాంబ్రాణి చూసి నవ్వారు. లిడియా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి పడీ పడీ నవ్వి, అలాగే కూర్చోమని ఫోటో తీసింది. ఆ ఫోటో ఫేస్‌బుక్కులో పెట్టి ఏం రాసిందో అప్పట్లో మీ నాన్న చదివి వినిపించాడు. "మా అమ్మ లేకపోతే నేను డ్యూటీకి పోలేను, చదువుకోలేను. పిల్లలు, వంట, ఇల్లు, అంతా అమ్మే." నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా బతుకులో నా పని గురించి ఒకళ్ళు రాయడం అదే మొదటిసారి.

ఇప్పుడు మొన్నటి సంగతికి వస్తా. ఆ తెల్లాయనా మీ అత్తా టీవీలో ఎదురెదురు నిలబడి వాదించుకుంటారన్నారు. అక్కడ సాయంత్రం, మనకి పొద్దున. పాస్టరు శ్యామ్ సుందర్‌గారు చర్చిలో తెరకట్టి అందరినీ పిలిచారు. మన పేట పిల్ల అమెరికాలో పోటీ చేస్తోందంటే ఎవరుంటారు ఇంట్లో? వెంకటేశ్వరమ్మగారు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. మీ తాతయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. అందరికీ ఉప్మా కూడా. ఎవరు వండారో నువ్వు అడగక్కర్లేదు.

ఇంగ్లీషు కదా, పాస్టరుగారు మైకు పట్టుకుని తెరపక్కన నిలబడ్డారు. సువార్త సభలకి తెల్లదొరలు వచ్చినప్పుడు ఆయనే మాటకి మాట తెలుగులో చెబుతారుగా. దొర చెయ్యెత్తితే ఈయనా ఎత్తుతారు. దొర కేకేస్తే ఈయన అంతకన్నా పెద్ద కేక. ఇక్కడా అదే పద్ధతి. మీ అత్త అక్కడ నెమ్మదిగానే మాట్లాడుతోంది పాపం, ఈయన మాత్రం "నేను లైన్లో నిలబడి వచ్చాను! చట్టప్రకారం వచ్చాను! చూసిపోతామని చెప్పి వచ్చి, ఇళ్ళల్లో దొంగచాటుగా పనిచేసేవాళ్ళని తిరుగు విమానం ఎక్కించాల్సిందే!" అని గర్జించారు. వెనక నుంచి మరియదాసు "స్తోత్రం!" అన్నాడు. అందరం అన్నాం. పాస్టరుగారి గొంతు అలా లేస్తే స్తోత్రమనడం మనకి అలవాటు, లోపల ఏముందో ఎవరు చూస్తారు? నేనూ గట్టిగానే అన్నానే. అది నా గురించేనని నాకేం తెలుసు?

అప్పుడు ఆ తెల్లాయన ఒక ఫోటో పైకెత్తాడు. చూస్తే నేనే. చర్చి గోడంత నేను. తడిచీర మోకాళ్ళపైకి ఎగ్గట్టి, కాళ్ళమీద నూనె పిల్ల, పక్కన టోపీ పెట్టుకున్న ఫైరింజనాయన.  మీ తాతయ్య నా చెవిలో, "చీర కిందికి లాక్కోవడానికేం రోగం" అన్నారు. నా బతుకు తెరమీద పెడితే ఆయనకి ముందు కనబడింది నా పిక్కలు.

"ఈమె ఎవరు? ఈమె ఏం చేస్తోంది? చూసిపోతానని వచ్చిన ఈమె చేత మీ ఇంట్లో ఆయా పని చేయించుకోలేదా? మీరే రాసుకున్నారుగా!" పాస్టరుగారి గొంతులో తెల్లాయన.

నేను మీ అత్త ముఖమే చూస్తున్నా. దాని పెదవి అదిరింది. చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టుకొచ్చిననాడు అలాగే అదిరేది. తర్వాత నవ్వింది. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగారు, ఆయనకి ముందే అర్థమైంది. కానీ మైకు చేతిలో ఉంది, చెప్పక తప్పదు. "ఆవిడ మా అమ్మ! మా అమ్మ ఏ పనీ చెయ్యలేదు! ఆమెకి ఒంట్లో బాగుండేది కాదు! నేనే తీసుకొచ్చి నా దగ్గర ఉంచుకుని చూసుకున్నాను! ఫోటో కోసం బిడ్డని కాళ్ళమీద వేసుకుంది, అంతే!"

"స్తోత్రం!" అంది చర్చి మొత్తం.

నేను ఉప్మా గిన్నెలు తీసుకుని బయట కుళాయి దగ్గరికి పోయాను. ఎవరో ఒకరు కడగాలి కదా. వెంకటేశ్వరమ్మగారు చెప్పులేసుకుంటూ, "ఏమే రెబ్కమ్మా, అమెరికాలో మహారాణిలా కూర్చుని వచ్చావన్నమాట. మాకు చెప్పనేలేదే" అని నవ్వారు. ఆమె మంచిదే, మాటకన్నారు. గిన్నె అడుగున మాడు గీరుతూ నేను ఆలోచిస్తూనే ఉన్నా. పని చెయ్యలేదంటే అన్నది, ఓట్లకోసం అన్నదిలే అనుకోవచ్చు. కానీ నన్ను అది చూసుకున్నానందే! నాకు ఒంట్లో బాగాలేదందే! ఆ ఇంట్లో జ్వరమొచ్చిన రోజు కూడా నేను పడుకోలేదు. పడుకుంటే అది డ్యూటీకి పోలేదని. నా చేతులు చేసింది తీసి తన చేతుల్లో పెట్టుకుంది నా కూతురు, నా జ్వరం కూడా తీసుకుపోయింది. తెల్లాయన మాత్రం ఎందుకడిగాడు? నాకు న్యాయం చెయ్యడానికా? ఆయనకి నేనొక దొంగని. దీనికి నేనొక చుట్టాన్ని. మధ్యలో ఆ తొట్టి అంచున కూర్చున్న మనిషి ఎవరికీ అక్కర్లేదు.

రెండు రోజులకి ఫోనొచ్చింది. తెల్లాయన వదలట్లేదంట, అక్కడ పేపర్లో వచ్చిందంట. అందుకని నేనే వీడియోలో చెప్పాలి, కూతురింట్లో ఏ పనీ చెయ్యలేదని. మీ తాతయ్య నన్ను ముందుగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, బడిపిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పించారు. "నా పేరు రెబ్కమ్మ. నేను నా కూతుర్ని చూడ్డానికి వెళ్ళాను. అక్కడ నేను ఏ పనీ చెయ్యలేదు. ఏదీ, అను."

"ఏమండీ, మీరూ ఉన్నారుగా అక్కడ. నేను చెయ్యలేదా?" అన్నాను.

"సొంత బిడ్డకి చేస్తే పనంటారే ఎక్కడైనా? తల్లివి కాదూ? ఒక్క ముక్క అనడానికి నీకు ముత్యాలు రాలిపోతాయా?"

పొద్దున్నే వీడియో కాల్ కలిపారు. మీ తాతయ్య ఫోను పట్టుకున్నారు. అటు లిడియా, మెడలో ముత్యాలు, కళ్ళకింద నలుపు. నిద్రలేదని చూడగానే తెలిసింది, తిన్నావా అని అడగబోయి ఆగాను. దానిపక్కన ఒక తెల్లపిల్ల, ఆ పిల్లే రికార్డు చేస్తుందంట. దానికి తెలుగు ముక్క రాదు.

"అమ్మా, ఒక్క నిమిషం పని. నాన్న చెప్పినట్టు చెప్పెయ్."

"చెబుతాలే. ముందు ఆ పిల్లని మిషను ఆపమను, నీతో ఒకటి మాట్లాడాలి."

ఆపించింది.

"టీవీలో ఏమన్నావో వదిలెయ్. ఇప్పుడు ఎవరూ వినట్లేదు. నాకొక్కదానికి చెప్పు. నీ ఇంట్లో నేనేం చేశాను?"

"అమ్మా, ఇప్పుడదంతా ఎందుకు?"

"చెప్పమ్మా."

అది అటూ ఇటూ చూసింది. "వచ్చావు. ఉన్నావు. వండావు, పిల్లల్ని ఆడించావు. ఏ అమ్మయినా చేస్తుంది. నిజంగానే దాన్ని పనంటారా అమ్మా? నేను అబద్ధమాడలేదు."

ఓట్లకోసం అన్నదనుకున్నానే అప్పటిదాకా! కాదు, అది నిజంగానే అలా అనుకుంటోంది.  "నువ్వు నర్సువి కదమ్మా" అన్నాను. "ఎవరో తల్లికి నువ్వు ఒళ్ళు తుడిస్తే అది ఉద్యోగమైంది. నీ బిడ్డకి నేను నీళ్ళు పోస్తే ఏమీ కాలేదా?"

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఇలా మాట్లాడితే నేను ఓడిపోతానమ్మా. ఇన్నేళ్ళు కష్టపడ్డాను. నా కష్టమంతా నీ ఒక్క మాటతో పోతుంది."

నా కష్టమంతా ఏమైపోయినా ఫరవాలేదు. అయినా తల్లి కడుపు కదా, తరుక్కుపోయింది. అనేద్దాం, ఒక్క ముక్కేగా, ఎన్ని దిగమింగలేదు అనుకున్నా. "సరే, పెట్టమను మిషను" అన్నాను. తెల్లపిల్ల వేలు పైకెత్తింది, మొదలన్నట్టు. మీ తాతయ్య కళ్ళతోనే "ఊఁ" అన్నారు.

"నా పేరు రెబ్కమ్మ" అన్నాను. "లిడియా నా కూతురు. నేను దాన్ని చూడ్డానికి వెళ్ళాను."

తర్వాతి ముక్క నోటిదాకా వచ్చింది. మీ తాతయ్య పెదవులు నాకన్నా ముందే కదులుతున్నాయి, "అక్కడ నేను" అని. నేను ఆయన్ని చూడ్డం మానేసి ఫోనులోకి చూశాను.

"దాని బిడ్డలకి నీళ్ళు పోసింది నేను. ఆ ఇంట్లో వండింది, కడిగింది, నిద్రమానుకుంది నేను. అది పని కాదంటే ఆ ఇంట్లో నేను లేనట్టే. లేనిదాన్ని సాక్ష్యానికి ఎందుకు పిలిచారు?"

తెల్లపిల్లకి ఏం అర్థమవుతుంది? బ్రహ్మాండంగా చెప్పానని బొటనవేలు పైకెత్తి నవ్వింది. లిడియా చెయ్యి వచ్చి తెరని కమ్మేసింది.

మీ తాతయ్య ఫోను మంచంమీదికి విసిరి, "కడుపున పుట్టిన దాని నోట్లో మట్టికొట్టావు కదే" అన్నారు. నేను లేచి పోయి ఎసరు పెట్టాను. మర్నాడు ఇంకో ఫోను, అక్కడ తెల్లాయన తరఫున పనిచేసే తెలుగతనంట. "అమ్మగారూ, మీకు అన్యాయం జరిగింది, ఆ నిజమే మాక్కూడా చెప్పండి" అన్నాడు. "నా కూతురిల్లది. నేను అక్కడ దొంగలా చెయ్యలేదు, తల్లిలా చేశాను. నువ్వు పెట్టెయ్ నాయనా" అన్నాను. నేనెవరి చేతిలోనూ కర్రని కాదమ్మా.

కానీ వీడియో బయటికొచ్చింది. నాది కాదు. మీ తాతయ్యది. నేను తొడిమలు తియ్యడానికి పోయిన పూట, అదే తెల్లచొక్కా వేసుకుని, నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చుని చెప్పారు. "నా భార్యకి ఒంట్లో బాగాలేదు, అందుకని ఆమె తరఫున నేను చెబుతున్నాను. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఏ పనీ చెయ్యలేదు. దేవుడే సాక్షి." మరియదాసు తన ఫోనులో నాకు చూపించాడు, మంచి వార్త చూపిస్తున్నాననుకున్నాడు పాపం. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పే ముక్కే, ఈసారి దేశానికి చెప్పారు. రెండు దేశాలకి.

లిడియా గెలిచింది. టిక్కెట్టు దానికే. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు, దాంట్లో మీ తాతయ్య ఫోటో కూడా వేశారు. గెలిచిన వారానికి ఫోన్ చేసింది. గొంతులో ఎక్కడా ఏమీ లేదు, ఏమీ జరగనట్టే. "అమ్మా, నవంబరు దాకా నాకు ఊపిరాడదు. ప్రసన్నకి పిల్లల్తో కుదరట్లేదు, రోజూ బయటి తిండే. టిక్కెట్టు పంపిస్తాను, ఒక్క ఆరునెలలు వచ్చి ఉండవూ? ఊరికే ఉందువుగాని."

"ఊరికే ఉండటం నాకు చేతకాదమ్మా" అన్నాను. "నేర్చుకున్నాక వస్తాలే."

 నేనే ఫోను పెట్టేశాను. కూతురి ఫోను నేను ముందు పెట్టెయ్యడం అదే మొదలు. మీ తాతయ్య కూర్చుని వింటున్నారు. కాఫీ అడగబోయి నా ముఖం చూసి ఊరుకున్నారు. తర్వాత ఆయనే లేచి పోయి, పంచదార డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నారు. చెప్పలేదు నేను.

నాకు లిడియా మీద కోపం లేదని చెప్పను. ఉంది. ఉన్నా అది నా బిడ్డే. నేనంటోంది అది కాదు. ఆ తాతయ్య వీడియో ఎప్పటికీ అలాగే ఉంటుందంటగా, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చంటగా. నాది చెరిపేశారు. దాని చిన్నపిల్ల, నా కాళ్ళమీద పడుకున్న పిల్ల, రేపు పెద్దదై ఆ వీడియో చూస్తుంది. మా అమ్మమ్మ ఊరికే కూర్చుందనుకుంటుంది. పసిగుడ్డప్పటి సంగతి దానికెలా తెలుస్తుంది? దానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. నీకు రెండూ వచ్చు. అందుకని జాస్మిన్, ఇదంతా మనసులో పెట్టుకో, ఒక్క ముక్క మర్చిపోవద్దు. అది అడిగినా అడక్కపోయినా నువ్వే దాని భాషలో చెప్పు. మీ అమ్మమ్మ మీ ఇంటికి వచ్చి పనిచేసింది, ఇష్టంగా చేసింది, చెయ్యలేదని చెప్పమంటే మాత్రం చెప్పలేదు అని చెప్పు.